క్యారియర్‌లో ఏముండాదో ఒక్క ఊపిరిలో చెప్పు

మంచుకొండల్లో ఉన్న ఆ ఆర్మీ పోస్టుకు నేను చేరింది అక్టోబరు మొదటి వారంలో, ఉదయం తొమ్మిదీ ఇరవైకి. ఎత్తు పదిహేను వేల ఎనిమిది వందల అడుగులు. ఎండ కళ్ళు చెదిరేలా కాస్తోంది, చలి మాత్రం మైనస్ పదకొండు. వీపున ఇరవై రెండు కిలోల సంచి, చేతిలో మందుల పెట్టె. కుడి బూటు లేసు ఊడింది. వంగి కట్టుకుని లేచేసరికి కళ్ళ ముందు మిణుగురులు తిరిగాయి. నోరు తెరుచుకుని కుక్కలా రొప్పుతూ నిలబడ్డాను.

పోస్టు పెద్ద సుబేదార్ సాబ్ బంకర్ గుమ్మంలోంచి ఇదంతా చూస్తున్నారు.

"ఎక్కడివాడివి?" అని హిందీలో అడిగారు.

"కోలార్ బంగారు గనులు, సాబ్."

"భూమిలోకి దిగే జాతి అన్నమాట. ఇక్కడ ఎక్కాలి. లేసు కట్టుకోవాలంటే కూర్చుని కట్టుకో. ఈ పోస్టులో నిలబడి చేసే పనులు మూడే. కాపలా, సెల్యూట్, ఒంటేలు."

అదీ నాకు దొరికిన మొదటి ఆర్డర్. ఆరు నెలలూ దాన్ని పాటించాను.

మా ఊళ్ళో నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒకటే. "ఎంతమందిని కాల్చినావప్పా?" ఒక్కణ్ణీ కాల్చలేదు. నేను నర్సింగ్ అసిస్టెంట్‌ని. నా దగ్గర తుపాకీ ఉండేది, దానికి నూనె రాసి పెట్టేవాణ్ణి, అంతే. రోజూ నేను ఎక్కుపెట్టింది చిటికెన వేలంత క్లిప్పు. మనిషి వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో అంకె చూపిస్తుంది. మా ఊళ్ళో తొంభై ఎనిమిది చూపించే మనిషికి అక్కడ ఎనభై నాలుగు వస్తే "భేష్, చాయ్ తాగు" అనేవాళ్ళం.

కింద బేస్‌లో మా డాక్టర్, ఒక కెప్టెన్ సాబ్. ఎత్తుకు అలవాటు పడేందుకు అక్కడ ఆగిన రోజుల్లో ఆయన మాకు పాఠం చెప్పారు. ఆ రోజు మధ్యాహ్నం భోజనంలో కోడికూర. కెప్టెన్ సాబ్ తన పళ్ళెంలోంచి రెండు ముక్కలు తీసి పైకెత్తి చూపించారు.

"ఇది రొమ్ము ముక్క, అది కాలు ముక్క. ఇది తెలుపు, అది నలుపు తిరిగిన ఎరుపు. ఎందుకు?"

తినే కూర మీద పరీక్ష పెడతారని ఎవరు అనుకుంటారు.

"కోడి ఎగరదు. పొద్దస్తమానం నడుస్తుంది. నడిచే కండకు ఎప్పుడూ ఆక్సిజన్ కావాలి. అందుకని ఆ కండ తనలోనే కాస్త దాచుకుంటుంది. దాచిపెట్టే పదార్థం పేరు మయోగ్లోబిన్. దాని రంగే ఈ ఎరుపు. పావురం రొమ్ము కోసి చూడండి, అది నల్లగా ఉంటుంది, ఎందుకంటే పావురం ఎగురుతుంది. తిమింగలం కండ ఇంకా నలుపు. ఒక్కసారి పీల్చిన గాలితో గంటసేపు నీళ్ళలో ఉండగలదు."

"మరి మనిషి, సాబ్?" అని అడిగాను.

"మనిషి కండలో ఉన్నది కొన్ని సెకన్ల కష్టానికి సరిపోతుంది. తర్వాత రక్తం తెచ్చి ఇస్తే తినాలి, లేకపోతే పస్తు. ఇక్కడ రక్తమే సగం ఖాళీ చేతులతో వస్తుంది. కండ ఎంత పెద్దదైతే ఆకలి అంత ఎక్కువ. పహిల్వాన్లూ, మీతోనే నాకు భయం."

ఆ మాట విన్నప్పుడు నాకు మా నాయన గుర్తొచ్చాడు. మా నాయన ఎనిమిదో తరగతి. మయోగ్లోబిన్ పేరు వినలేదు. కానీ ఇదే సంగతి నాకు చిన్నప్పుడే చెప్పాడు, గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బ పక్కన కూర్చుని, రాగి ముద్ద తింటూ.

ఆయన గనిలో పనిచేసిన జట్టుకు పలమనేరు వైపు నుంచి వచ్చిన ఒక మేస్త్రి ఉండేవాడు. కరెంటు పోతే కేజ్ ఆగిపోతుంది. కేజ్ అంటే గనిలోకి దించే ఇనుప లిఫ్టు. అది ఆగితే నిచ్చెనల మీద ఎక్కి పై లెవెల్‌కు చేరాలి. చీకటి, ఉడుకు, చాలీచాలని గాలి. ఇంటికి పోవాలన్న ఆత్రం. కుర్ర వయసువాళ్ళు బిరబిరా ఎక్కేసి, మధ్యలో కళ్ళు తిరిగి చేతులు వదిలేసేవాళ్ళు. అందుకని మేస్త్రి ఒక పద్ధతి పెట్టాడు. నిచ్చెన నిచ్చెనకూ ఆగి ఒక్కొక్కణ్ణీ అడిగేవాడు. "క్యారియర్‌లో ఏముండాదిరా? ఒక్క ఊపిరిలో చెప్పు."

"ముద్ద, పితికిపప్పు, ఊరిబిండి, ఎర్రగడ్డ, మజ్జిగ" అని గుక్క తిప్పుకోకుండా చెప్పాలి. చెబితే పై నిచ్చెన. ఊరిబిండి అనే పచ్చడి దగ్గర ఊపిరి తీసుకున్నాడంటే జట్టు మొత్తం కూర్చోవాల్సిందే, అతను చెప్పగలిగేదాకా. సిగ్గుపడేదేమీ లేదు, ఈరోజు నువ్వు, రేపు నేను. ఒకడు తెలివిగా "ముద్ద" అని ఒక్క మాటతో సరిపెట్టబోతే, "అయితే మా ఇంట్లో ఏమి వండినారో అదీ చెప్పు" అన్నాడట మేస్త్రి. ఆ జట్టు అందరికంటే ఆలస్యంగా పైకొచ్చేది. అందరూ వచ్చేవాళ్ళు.

నేనిది విని నవ్వుకునేవాణ్ణి. చదువుకున్నవాణ్ణి కదా.

నవంబరులో మా పోస్టుకు ఒక రేడియో ఆపరేటర్ వచ్చాడు. వయసు ఇరవై ఆరు. ఎద్దు మెడ, తాటిమొద్దుల్లాంటి తొడలు. మా భాష చెవిన పడి చూద్దును కదా, రాయల్పాడు పక్కవాడు. మామిడితోటల మనిషి. తాలూకా తరఫున కబడ్డీ ఆడినవాడు. సెలవు ముగించుకుని నేరుగా వస్తున్నాడు, సంచి నిండా మామిడి తాండ్ర. అంత ఎత్తులో, అంత చలిలో ఒక మనిషి "ఏమన్నా, మీది యాడ?" అని అడిగితే ఎంత హాయిగా ఉంటుందో, అనుభవించినవాడికే తెలుస్తుంది. ఆ రోజే మేం అన్నదమ్ములమైపోయాం.

నేను అతనికి మేస్త్రి కథ చెప్పాను. అతనికి తెగ నచ్చింది. అప్పటి నుంచి పొద్దున కనబడగానే నేను "క్యారియర్‌లో ఏముండాది తమ్ముడూ?" అనేవాణ్ణి. అతను లేని విందంతా గుక్క తిప్పుకోకుండా వడ్డించేవాడు. "ముద్ద, నాటుకోడి పులుసు, మామిడికాయ పప్పు, అలసంద వడ, ఒబ్బట్టు, నెయ్యి, ఇంగ చాలా అన్నా?" తినేది మాత్రం డబ్బా కూర, రాయిలాంటి రొట్టె.

అతను వెళ్ళాల్సింది పై పోస్టుకు. ఎత్తు పద్ధెనిమిది వేల నాలుగు వందలు. అక్కడున్న ఆపరేటర్ తొంభై నాలుగు రోజులుగా కిందికి దిగలేదు. ఇతను ఎక్కితేనే అతను దిగాలి. పైకి పంపే ముందు ఎవరినైనా పరీక్షించి చీటీ రాయాల్సింది నేను. నియమం తేలికే. కూర్చోబెట్టి వేలికి క్లిప్పు పెట్టాలి. తర్వాత హెలిప్యాడ్ దాకా నడిపించి, తిరిగొచ్చాక మళ్ళీ పెట్టాలి. రెండో అంకె బాగా పడిపోతే పంపకూడదు.

ఆ సాయంత్రం నాలుగున్నరకు గాలి ఈడ్చి కొడుతోంది. కూర్చోబెట్టి చూస్తే ఎనభై మూడు. బాగుంది. రెండుసార్లు దగ్గాడు.

"దగ్గేమి తమ్ముడూ?"

"తాండ్ర గొంతులో పట్టుకోనుండాదన్నా."

"తలనొప్పి?"

"లేదన్నా. నా ఊపిరి చూడల్లంటే చూడు." గడియారం నా చేతికిచ్చి కబడ్డీ కూత అందుకున్నాడు. కబడ్డీ కబడ్డీ కబడ్డీ. బంకర్‌లో ఉన్నవాళ్ళంతా చుట్టూ చేరారు. ముప్పై ఒక్క సెకన్లు. అంత ఎత్తులో అది మామూలు విషయం కాదు. వంటవాడు ఈల వేశాడు. నా ఛాతీ ఉప్పొంగింది, వాడు మా జిల్లావాడు కదా. బయట గాలి. హెలిప్యాడ్ దాకా ఎవడు పోతాడు? చీటీ రాసి సంతకం పెట్టాను.

కూత పెట్టడమంటే ఉన్న గాలిని పొదుపుగా వదలడం. ఆ పని అతను పుట్టినప్పటి నుంచి చేస్తున్నాడు. కూర్చున్నవాడి కండలు ఏమీ అడగవు. నడిస్తే ఏం అడుగుతాయి, వాటికి పెట్టడానికి లోపల ఏం ఉంది, అది చూడమనే నియమం చెప్పింది. కోలార్ జిల్లాలో కబడ్డీ చూస్తూ పెరిగినవాడు తప్ప ఇంకెవడూ ఈ తప్పు చేయడు. ఆ తప్పు నాది. ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే మంట.

మర్నాడు ఉదయం ఐదున్నరకు అతనూ, దారి చూపే ఇద్దరు జవాన్లూ బయలుదేరారు. పదీ నలభైకి పైకి చేరినట్టు రేడియోలో చెప్పారు. సాయంత్రం ఆరు గంటల రిపోర్టులో అతనే మాట్లాడాడు. "అంతా ఓకే. ఓవర్." రెండే మాటలు. చలికి క్లుప్తంగా మాట్లాడుతున్నాడులే అనుకున్నాను.

ఆ మర్నాడు ఉదయం ఆరింటికి రేడియో దగ్గర నేనే ఉన్నాను. బయట మబ్బు బంకర్ గుమ్మం దాకా దిగి ఉంది. ఊసుపోక అడిగాను.

"క్యారియర్‌లో ఏముండాది తమ్ముడూ? ఓవర్."

గరగర శబ్దం. తర్వాత అతని గొంతు.

"ముద్ద..." ఊపిరి. "...కోడి..." ఊపిరి. "...పులుసు. ఓవర్."

రిసీవర్ చెవికి నొక్కుకున్నాను.

"నడస్తా ఉండావా? ఓవర్."

"లేదన్నా... పండుకోని... ఉండాను."

"పండుకోని ఉన్నా ఊపిరి ఆడల్యా?"

"కూర్చుంటే... రవంత... మేలు."

"దగ్గితే ఏం పడతా ఉండాది? నిజం చెప్పు."

"లేత ఎరుపు... అన్నా. నురగ."

వెనక నుంచి సుబేదార్ సాబ్ గద్దించారు. "రేడియో మీద వంటల కబుర్లేమిటి?"

"సాబ్, అతని ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరుతున్నాయి. నేను అతన్ని నడిపించి చూడలేదు. చూడకుండానే చీటీ రాశాను."

ఆయన నన్ను ఒక్క క్షణం చూశారు. "ఆ తిట్లు తర్వాత తిడతాను. ఇప్పుడు ఏం చేయాలి?"

చేయాల్సింది ఒకటే, కిందికి దించడం. రెండు వేల అడుగులు దిగితే చాలామంది బతుకుతారు. దించకపోతే సాయంత్రానికి పోతారు. కెప్టెన్ సాబ్ బేస్ నుంచి రేడియోలోకి వచ్చారు. మబ్బు విడిచేదాకా హెలికాప్టర్ లేదు. పై పోస్టులో ఉన్న సిలిండర్ పెట్టండి, నిమిషానికి నాలుగు లీటర్లు. మాత్ర వేయండి. కూర్చోబెట్టి, స్లెడ్జి బండి మీద కట్టి, మంచు మీద ఈడ్చుకుంటూ దించండి. ఒక్క అడుగు కూడా నడవనివ్వకండి.

పై పోస్టులో ఉన్నది ఒకే సిలిండర్, అదీ రెండు గంటలకే. ఆరూ ఇరవై ఐదుకు తెరిచారు. ఎనిమిదీ ఇరవై ఐదుకు అయిపోతుంది. మా దగ్గర రెండు ఉన్నాయి. మేం కింద నుంచి ఎక్కాలి, వాళ్ళు పై నుంచి దిగాలి, రెండో తాడు కట్టిన మలుపు దగ్గర కలవాలి. అక్కడికి మామూలు నడకలో రెండు గంటలు. మేం బయలుదేరేసరికి ఆరూ నలభై అయింది.

పదిహేను నిమిషాలు తక్కువ.

ముగ్గురం వెళ్ళాం. ముందు దారి తెలిసిన లడాఖీ జవాను, మధ్యలో నేను, వెనక వంటవాడు, మలయాళీ. నా వీపున ఒక సిలిండర్, వంటవాడి వీపున ఒకటి. మంచు మోకాలి లోతు. పది అడుగుల ముందు ఏముందో కనబడదు. లెక్క నా తలలో తిరుగుతూనే ఉంది. కాస్త గట్టిగా నడిస్తే పదిహేను నిమిషాలు కలిసొస్తాయి. నడిచాను కూడా. ముందున్నవాణ్ణి తోసుకుని పోయినంత పని చేశాను. ఏడూ ఐదుకు నా కాళ్ళు మొద్దుబారాయి. తొడల్లో నిప్పు. కొన్ని సెకన్ల సరుకు, అది ఎప్పుడో అయిపోయింది.

అప్పుడు నాకు మేస్త్రి గుర్తొచ్చాడు. ముగ్గురిలో ఒకడు కూలబడితే మోసేవాళ్ళు ఇద్దరే మిగులుతారు, మోయించుకునేవాళ్ళు ఇద్దరవుతారు. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలంటారు. ఆ సామెత నిజంగా అవసరమైన రోజు నా జీవితంలో అదొక్కటే.

మిగతా ఇద్దరికీ పద్ధతి చెప్పాను. నూరు అడుగులకు ఒకసారి ఒకరు, తమ ఇంట్లో ఏం వండుతారో ఒక్క ఊపిరిలో చెప్పాలి. చెప్పలేకపోతే ముగ్గురం కూర్చోవాలి. నాకు పిచ్చెక్కిందేమో అన్నట్టు చూశారు. లడాఖీ జవానుకు ముందు అర్థమైంది. తుక్పా, మోమో, వెన్న చాయ్, జొన్నలాంటి ఏదో పిండి, గడగడా చెప్పేశాడు. వంటవాడు పుట్టు, శనగల కూర, అరటి చిప్స్, చేపల పులుసు, ఇంకా నాకు తెలియనివి నాలుగు చెప్పాడు. వృత్తి ధర్మం.

ఏడూ యాభైకి మళ్ళీ నా వంతు వచ్చింది. ముద్ద, పితికిపప్పు, ఊరిబిండి... అక్కడ గుక్క పట్టేసింది.

"కూర్చో" అన్నాడు లడాఖీ జవాను.

"టైం లేదు."

"నువ్వు పెట్టిన రూలే కదా. కూర్చో."

మూడు నిమిషాలు కూర్చున్నాను. నా ఆర్మీ జీవితంలో అంతకంటే కష్టమైన పని చేయలేదు. పైన ఒకడి సిలిండర్ తరిగిపోతోంది. నేను రాసిన చీటీ జేబులో పెట్టుకుని ఎక్కినవాడు. నేనిక్కడ తీరిగ్గా కూర్చుని మంచు చూస్తున్నాను. దేవుడా, వాణ్ణి ఉంచు, ఇంకెప్పుడూ గాలికి భయపడి నడిపించకుండా ఉండను అని మొక్కుకున్నాను. మూడో నిమిషం చివర ఎర్రగడ్డ, మజ్జిగ దాకా చెప్పగలిగాను. లేచాం.

రెండో తాడు దగ్గరికి చేరింది ఎనిమిదీ నలభై ఒకటికి. వాళ్ళు మాకంటే ముందే వచ్చి మబ్బులో ఆగి ఉన్నారు. సిలిండర్ అయిపోయి పదహారు నిమిషాలయింది.

స్లెడ్జి మీద ఆనించి కూర్చోబెట్టారు. కళ్ళు సగం మూసి ఉన్నాయి. ఊపిరి తీసినప్పుడల్లా లోపల బుడబుడ, అది స్టెతస్కోపు లేకుండానే వినబడుతోంది. పెదవులు నేరేడుపండు తిన్నవాడి పెదవుల్లా ఉన్నాయి. క్లిప్పు యాభై నాలుగు చూపించింది. కబడ్డీలో నలుగురిని ఈడ్చుకొచ్చే మనిషి, చేతి తొడుగు తీసుకోవడానికి కూడా బలం లేక కూర్చున్నాడు.

సిలిండర్ తిప్పాను. మాస్కు పెట్టాను. ఎనిమిదీ నలభై మూడు.

మొదటి నిమిషం ఏమీ లేదు. రెండో నిమిషం ఏమీ లేదు. మాస్కు ప్లాస్టిక్ లోంచి నేను అతని నోరే చూస్తున్నాను. నాలుగో నిమిషంలో కింది పెదవి లోపలి అంచున, గోరంత మేర, రంగు మారింది. నలుపులోంచి ఎరుపు తేలింది. అది మెల్లగా పక్కలకు పాకింది. ఆ తర్వాత పై పెదవి. ఆ తర్వాత గోళ్ళు. అది నేను కళ్ళారా చూశాను. పాఠంలో విన్న ఎరుపు, కోడికాలు ముక్కలో చూసిన ఎరుపు, ఒక మనిషిలోకి తిరిగి రావడం.

అతను కళ్ళు తెరిచాడు. మాస్కు లోపల పెదవులు కదిలాయి. వంగి విన్నాను.

"ముద్ద, కోడి పులుసు" అన్నాడు. రెండూ ఒకే ఊపిరిలో.

"ఇంగ చాలు. నోరు మూసుకో" అన్నాను. ఏడ్చేశాను. దాచుకోలేదు. కన్నీళ్ళు కళ్ళజోడు లోపల గడ్డకట్టి తర్వాతి అరగంట నాకు సగం దారే కనబడింది.

చదునైన చోట అతను కట్లు విప్పుకోబోయాడు. "నడస్తానన్నా. నన్ను శవం మాదిరి మోస్తా ఉంటే సిగ్గుగా ఉండాది."

"నీ తొడలు తిండిపోతులురా. పది అడుగులేస్తే నీ గుండెకాయ వంతు కూడా అవే తినేస్తాయి. కదలకుండా కూర్చో. ఇది ఆర్డర్."

"నువ్వేమి ఆఫీసరా?"

"ఈపొద్దు ఆఫీసరే."

పదీ యాభైకి మా పోస్టుకు చేర్చాం. క్లిప్పు డెబ్భై నాలుగు. పన్నెండు దాటాక మబ్బు మధ్యలో చిరిగింది. రెండూ ఇరవైకి హెలికాప్టర్ వచ్చి అతన్ని తీసుకెళ్ళింది. ఎక్కించేటప్పుడు అతను నా చెయ్యి పట్టుకుని, "తలనొప్పి ఉండె అన్నా. అబద్ధం చెప్పినాను. పైనోడు తొంభై నాలుగు దినాలుగా కాచుకోనుండాడు గదా" అన్నాడు.

"నేను కూడా చూడకుండా రాసినాను. ఇద్దరం సరిపోయినాం" అన్నాను.

సుబేదార్ సాబ్ ఇచ్చిన మాట మరిచిపోలేదు. ఆ సాయంత్రం సరిగ్గా ఆరింటికి పిలిచి, పదకొండు నిమిషాలు తిట్టారు. తర్వాత రిజిస్టరులో నా తప్పు నా చేతే రాయించారు. చివరికి అడిగారు, "ఆ వంటల రూలు ఏమిటో సరిగ్గా చెప్పు." చెప్పాను. మర్నాటి నుంచి మా పోస్టులో ఎవరు పైకి వెళ్ళాలన్నా హెలిప్యాడ్ దాకా నడిచి, తిరిగొస్తూ తన ఇంటి వంట ఒక్క ఊపిరిలో చెప్పాలి. ఆ తర్వాతే క్లిప్పు. వారం తర్వాత కెప్టెన్ సాబ్ మిగతా పోస్టులకు కూడా అదే పంపించారు. పలమనేరు మేస్త్రి పద్ధతి, ఆయన పోయిన ఎన్నో ఏళ్ళకు, ఆయన దిగిన లోతుకంటే ఎక్కువ ఎత్తున అమలైంది. నేనున్నన్నాళ్ళూ ఆ పోస్టు నుంచి మళ్ళీ ఎవరినీ మోసుకుని దించలేదు.

ఏప్రిల్‌లో నా డ్యూటీ ముగిసింది. మూడు రోజుల ప్రయాణం. బంగారపేటలో రైలు మారి గనుల వైపు వెళ్ళే బండి ఎక్కాను. కిటికీలోంచి వచ్చే గాలి గంజిలా చిక్కగా అనిపించింది. మెట్లు ఒక్క ఊపున ఎక్కగలుగుతున్నాను. లేసు నిలబడి కట్టుకున్నాను. సుబేదార్ సాబ్ చూస్తే తిట్టేవారు.

ఊరిగాం స్టేషన్‌లో దిగాను. సాయంత్రం నాలుగూ పది. మా నాయన ప్లాట్‌ఫారం మీద బెంచీ మీద ఉన్నాడు. గని దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో రాయిలా కూర్చుంది. పది అడుగులకు ఒకసారి ఆగుతాడు. ఇంటి నుంచి స్టేషన్‌కు వచ్చేందుకు ఏడుసార్లు కూర్చున్నానని గర్వంగా చెప్పాడు. ఒక్కసారి కూడా రొప్పలేదట.

ఆయన పక్కన లేచి నిలబడ్డ మనిషిని నేను మొదట గుర్తుపట్టలేదు. లుంగీ, తెల్ల చొక్కా, చేతిలో నాలుగు గిన్నెల క్యారియర్. నేను వచ్చే రోజు కనుక్కుని రాయల్పాడు నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు. అతన్ని మైదానాల పోస్టింగ్‌కు మార్చారు, సెలవులో ఉన్నాడు. ఒళ్ళు మళ్ళీ నిండింది.

నా చేతిలో సంచి అలాగే ఉంది. ఆ ప్రశ్న అడిగే వంతు మా నాయన నాకు వదల్లేదు.

"ఏమప్పా, క్యారియర్‌లో ఏముండాది?" అని అతన్ని అడిగాడు.

అతను ఛాతీ నిండా గాలి పీల్చాడు. గిన్నెలు వేలితో తడుతూ మొదలుపెట్టాడు. చాలాసేపు చెప్పాడు. ఎక్కడా ఆగలేదు. బండి కదిలింది, కూత వేసింది, అతను చెబుతూనే ఉన్నాడు.

ఇప్పటికీ నేను కళ్ళు మూసుకుంటే ఆ మంచూ, ఆ మబ్బూ కనబడవు. మాస్కు వెనక ఒక కింది పెదవి, దాని అంచున గోరంత ఎరుపు, అది పాకడం, అదొక్కటే కనబడుతుంది. ఆ రోజు ప్లాట్‌ఫారం మీద అతను చెబుతున్నంతసేపూ కూడా ఆ పెదవినే చూస్తున్నాను.

"ఏమేం తెచ్చినాడంటరా? బండి కూతలో నాకు ఇనబడల్యా" అన్నాడు మా నాయన.

"నాకూ తెలీదు నాయనా" అన్నాను. "ఒక్క ఊపిరిలో చెప్పినాడు."